ఆ ఒక్క స్వరానికే దిబ్బడ ఎందుకు?

ట్యూబా వాయించేవాళ్లలో ఎవరిని అడిగినా, తమ వాద్యంలో తమకు నచ్చని స్వరం ఏదో తడుముకోకుండా చెబుతారు. పై నుంచి ఒక్కో మెట్టూ దిగుతూ వస్తుంటే అన్నీ గుండ్రంగా, నిండుగా పలుకుతాయి. ఒకచోటికి రాగానే జలుబు చేసి ముక్కు దిబ్బడ వేసిన మనిషి మాటలా నాదం లోపలే ఉండిపోతుంది. ఇంకో మెట్టు దిగితే మళ్లీ మామూలే. ఊదినవాడు అతనే, పెదవులు అవే, గొట్టమూ అదే. మరి ఆ ఒక్కదానికే ఏమొచ్చింది?

చాలామంది ఇక్కడ కొత్త మౌత్‌పీస్ కొనడానికి బయల్దేరతారు. నా దృష్టిలో అది చిట్టచివర చేయాల్సిన పని. ఏ స్వరం మూగబోతోంది, ఏ వేళ్లతో నొక్కినప్పుడు మూగబోతోంది, మెల్లగా ఊదినప్పుడా గట్టిగా ఊదినప్పుడా అన్నవి ఒక కాగితం మీద రాసుకుంటే లోపం ఎక్కడుందో సగం తెలిసిపోతుంది. అలా ఎందుకు తెలుస్తుందో అర్థం కావాలంటే ముందు గొట్టంలో ఏం జరుగుతోందో చూడాలి.

బి-ఫ్లాట్ ట్యూబాలో, వాల్వులేవీ నొక్కనప్పుడు, మౌత్‌పీస్ నుంచి చివరి వెడల్పు నోరైన బెల్ అంచు దాకా సుమారు 18 అడుగుల గొట్టం ఉంటుంది, అంటే ఐదున్నర మీటర్లు. వాయించే మనిషి పెదవులు తెరుచుకుని మూసుకుంటూ గాలిని చిన్నచిన్న విడతలుగా లోపలికి వదులుతాయి. ప్రతి విడతా ఒక పీడన తరంగమై బెల్ వైపు పరిగెడుతుంది. బెల్ దగ్గర గొట్టం హఠాత్తుగా విప్పారుతుంది కాబట్టి తరంగంలో కొంత భాగమే బయటికి పోయి మనకు వినిపిస్తుంది. మిగతాది వెనక్కి తిరిగి పెదవుల దగ్గరికి వస్తుంది. పెదవులు తెరుచుకునే క్షణానికే అది తిరిగొస్తే వాటిని ఇంకాస్త తెరుస్తుంది, కంపనం నిలబడుతుంది. ఇదే అనునాదం. గొట్టానికి ఇష్టమైన పౌనఃపున్యాలు కొన్నే ఉంటాయి. వాటి దగ్గర ఈ తోడ్పాటు గట్టిగా ఉంటుంది, వాటి మధ్య దాదాపు ఉండదు. కొలిచి గీత గీస్తే ఆ ఇష్టమైన చోట్లు వరుస శిఖరాల్లా లేచి కనిపిస్తాయి.

తరంగం అలా వెళ్లి రావడానికి సెకనులో ముప్పయ్యో వంతు దాకా పడుతుంది. ట్యూబా మధ్య స్థాయిలోని ఎఫ్ స్వరం 87 హెర్ట్జ్. అంటే మొదటి తరంగం తిరిగొచ్చేలోపే పెదవులు రెండు మూడు సార్లు కంపిస్తాయి. ఆ కొద్ది సమయం గొట్టం నుంచి ఏ సాయమూ అందదు, పెదవులే సొంతంగా లెక్క పట్టుకోవాలి. మంచి స్వరం సాయం రాగానే దానికి అతుక్కుంటుంది. దిబ్బడ స్వరానికి ఆ సాయం బలహీనంగానో వేళ తప్పో వస్తుంది. అందుకే అలాంటి స్వరాలు నాదంలోనే కాదు, ఎత్తుకోవడంలో కూడా తడబడతాయి.

అమెరికా భౌతిక శాస్త్రజ్ఞుడు ఆర్థర్ బెనేడ్ దీన్ని ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లాడు. సంగీత ధ్వనిశాస్త్రం మీద 1976లో వెలువడిన ఆయన పుస్తకం ఇప్పటికీ వాద్యాలు తయారు చేసేవాళ్లకు ఆధారం. ఒక స్వరాన్ని నిలబెట్టేది దాని సొంత శిఖరం ఒక్కటే కాదని, దానికి రెట్టింపు, మూడింతలు, నాలుగింతల పౌనఃపున్యాల దగ్గరున్న శిఖరాలు కూడా చేయి కలుపుతాయని ఆయన చూపించాడు. అవి సరిగ్గా ఆ రెట్ల మీదే నిలిస్తే స్వరం స్థిరంగా, మెరుపుతో పలుకుతుంది. కొద్దిగా పక్కకు జరిగితే ఆ రెట్ల దగ్గర పలికే పై అనుస్వరాలు నీరసపడతాయి. శ్రుతి ఉంటుంది గానీ కాంతి ఉండదు. మనం దిబ్బడ అనేది ఎక్కువసార్లు ఇదే.

దీంట్లోంచే మొదటి పరీక్ష పుడుతుంది. చాలా మెల్లగా ఊదినప్పుడు స్వరానికి ఆసరా దాదాపుగా దాని సొంత శిఖరమే. గట్టిగా ఊదేకొద్దీ మిగతా శిఖరాలు రంగంలోకి దిగుతాయి. మెల్లగా ఊదితే బాగానే ఉండి, గట్టిగా ఊదినప్పుడు మూసుకుపోతే పై శిఖరాల వరుస చెదిరిందని అనుమానించాలి. మెల్లగా ఊదినా పలకకపోతే సొంత శిఖరానికే దెబ్బ తగిలింది. అప్పుడు గాలి లీకు కోసం వెతకడం మొదలుపెట్టొచ్చు.

లీకు అనగానే గాలి బయటికి పోయి బలం తగ్గుతుందని అనుకుంటాం. అదే నిజమైతే అన్ని స్వరాలూ సమానంగా నీరసపడాలి. అలా జరగదు. గొట్టం లోపల స్థిర తరంగం నిలిచినప్పుడు పీడనం కొన్నిచోట్ల పెద్దగా ఊగిసలాడుతుంది, కొన్నిచోట్ల దాదాపు కదలదు. పీడనం ఊగే చోట సన్నని రంధ్రం ఉన్నా ఆ స్వరం కుప్పకూలుతుంది. పీడనం కదలని చోట అదే రంధ్రం ఉంటే ఆ స్వరానికి ఉన్నట్టే తెలియదు. ఒక్కో అనునాదానికి ఈ చోట్లు వేరు. రెండో అనునాదానికి గొట్టం లోపల కదలని చోటు ఒకటే, మూడోదానికి రెండు, నాలుగోదానికి మూడు. కాబట్టి ఒకే ఒక్క లీకు ఒక స్వరాన్ని పాడుచేసి దాని పక్క స్వరాన్ని ముట్టుకోకపోవచ్చు.

మౌత్‌పీస్ దగ్గర మాత్రం అన్ని స్వరాలకూ పీడనం గట్టిగానే ఊగుతుంది. అక్కడి లోపం ఏ స్వరాన్నీ వదలదు. మౌత్‌పీస్ కాడ దాన్ని పట్టే గొట్టంలో వదులుగా కూర్చోవడం, దాని తరవాతి సన్నని గొట్టమైన లీడ్‌పైప్‌లో సొట్ట, లోపల పేరుకున్న పాచి వంటివి మొత్తం వాద్యాన్నే మందగింపజేస్తాయి. ఒక్క స్వరమే మూగదైతే లోపం లోపలెక్కడో, ఫలానా దారిలో ఉందన్నమాట. మౌత్‌పీస్ కొనడం చివరి పని అన్నది ఇందుకే. సొట్టల సంగతీ ఇంతే. బెల్ మీద అరచేయంత సొట్ట చూసి జనం బాధపడతారు గానీ, అంత వెడల్పు గొట్టంలో దాని ప్రభావం చాలా తక్కువ. లీడ్‌పైప్ మీద గోరంత సొట్ట దానికంటే చెడ్డది, ఎందుకంటే అక్కడ గొట్టం వేలి మందమే.

ఇక వేళ్ల పరీక్ష. నాకు అన్నిటికంటే ఇష్టమైన పరీక్ష ఇదే. పనిముట్లేవీ అక్కర్లేదు, ఆలోచన ఉంటే చాలు. వాల్వు నొక్కితే దాని గొట్టం గాలి దారిలో కలిసి పొడవు పెరుగుతుంది, అందుకే శ్రుతి దిగుతుంది: రెండో వాల్వు నొక్కితే అర మెట్టు, ఒకటోది నొక్కితే ఒక మెట్టు, మూడోది నొక్కితే ఒకటిన్నర, నాలుగోది నొక్కితే రెండున్నర మెట్లు. కాబట్టి ఒకే స్వరానికి రెండు దారులు ఉండే సందర్భాలు చాలా ఉన్నాయి. బి-ఫ్లాట్ ట్యూబాలో డి స్వరాన్ని మామూలుగా ఒకటి, రెండు కలిపి నొక్కి వాయిస్తారు. మూడోది ఒక్కటే నొక్కినా దాదాపు అదే వస్తుంది. సి స్వరానికి ఒకటి, మూడు కలపొచ్చు, లేదా నాలుగోది ఒక్కటే చాలు. మామూలు వేళ్లతో దిబ్బడగా ఉన్న డి, మూడో వాల్వుతో విచ్చుకుంటే తప్పు ఒకటో రెండో వాల్వు దారిలో ఉంది. అప్పుడు ఒకటో వాల్వు ఒక్కటే వాడే స్వరాన్ని, రెండోది ఒక్కటే వాడే స్వరాన్ని వేరువేరుగా వింటే రెండింటిలో ఏదో తేలిపోతుంది. రెండు దారుల్లోనూ డి ఒకేలా మూగగా ఉంటే వాల్వులను వదిలేయొచ్చు. లోపం రెండు దారులకూ ఉమ్మడిగా ఉన్న గొట్టంలోనో, వాయించేవాడిలోనో, గదిలోనో ఉంది.

గది అంటే చాలామంది నమ్మరు. కానీ ట్యూబా తరంగాలు గదుల కొలతల్లోనే ఉంటాయి. 10 అడుగుల గదిలో ఎదురెదురు గోడల మధ్య నిలిచే మొదటి తరంగం సుమారు 56 హెర్ట్జ్. ట్యూబా కింది బి-ఫ్లాట్ 58, దాని కింది ఎ సరిగ్గా 55. ఆ తరంగానికి గోడల దగ్గర పీడనం గరిష్ఠం, సరిగ్గా గది మధ్యలో దాదాపు సున్నా. గది నడుమ కుర్చీ వేసుకుని సాధన చేసే మనిషికి ఆ రెండు స్వరాలూ చప్పబడినట్టు వినిపిస్తే అది వాద్యం తప్పు కాదు. కుర్చీని గోడ దగ్గరికి జరిపి వాయించాలి, తరవాత పెద్ద హాల్లోనో ఆరుబయటో వాయించాలి. దిబ్బడ చోటు మారినా, వేరే స్వరానికి దాటినా వాద్యాన్ని విప్పాల్సిన పనే లేదు. పైగా ట్యూబా బెల్ ఆకాశం వైపు చూస్తుంది, దాని వెనక కూర్చున్నవాడికి పై అనుస్వరాలు తక్కువగా అందుతాయి. అందుకని తీర్పు చెప్పేముందు ఇంకొకరిని ఎదురుగా దూరంగా కూర్చోబెట్టి వినమనడం మేలు.

లోపం వాల్వుదేనని తేలితే మొదట చూడాల్సింది రంధ్రాల అమరిక. పిస్టన్ వాల్వును నొక్కినప్పుడు దాని లోపలి దారి బయటి గొట్టానికి సరిగ్గా ఎదురు నిలవాలి. అది ఎంత పైకి లేవాలో, ఎంత కిందికి దిగాలో నిర్ణయించేవి ఉన్ని బిళ్లలు, కార్కు బిళ్లలు. ఏళ్ల తరబడి వేలి దెబ్బలకు అవి నలిగి పలచబడతాయి, పిస్టన్ ఆ మేరకు ఎక్కువ దిగుతుంది. 18 మిల్లీమీటర్ల రంధ్రం ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే దారిలో సుమారు 7 శాతం మూసుకుంటుంది. ఒక్కచోటే అయితే పెద్దగా తెలియకపోవచ్చు. కానీ నొక్కిన పిస్టన్ గుండా గాలి రెండుసార్లు పోతుంది, ప్రతిసారీ లోపలికి వెళ్లేచోట ఒక అంచు, బయటికి వచ్చేచోట ఒక అంచు. నాలుగు వాల్వులూ నొక్కితే మొత్తం 16 అంచులు. వాటిలో చాలావరకు తప్పు అమరికలో ఉంటే ఆ స్వరం ఎంత నలిగిపోతుందో ఊహించుకోవచ్చు. వాల్వులేవీ నొక్కని స్వరాలు బాగుండి, నొక్కే వాల్వుల సంఖ్య పెరిగేకొద్దీ నాదం మసకబారుతూ పోతే నా అనుమానం ముందు ఈ బిళ్లల మీదికే పోతుంది. వాల్వు గొట్టంలో బయటికి జారే భాగాన్ని, అంటే స్లయిడ్‌ను తీసేసి, పళ్ల వైద్యులు వాడే చిన్న అద్దం లోపలికి పెట్టి, టార్చి వెలుగులో చూస్తే తేడా కంటికే కనిపిస్తుంది. బిళ్లలు మార్చడం చవకైన పని. దాన్ని వాయిదా వేయడం అన్యాయం.

రోటరీ వాల్వుల్లో ఈ పని ఇంకా సులువు. వెనక మూత విప్పితే లోపలి చక్రం కొసన ఒక గీత, దాన్ని పట్టి ఉంచే పలక మీద గీతలు కనిపిస్తాయి. వాల్వు నొక్కినప్పుడూ వదిలినప్పుడూ ఆ గీతలు ఎదురెదురు నిలవాలి. నిలవకపోతే చక్రాన్ని ఆపే కార్కో రబ్బరో అరిగిందని అర్థం. ఇక, వాద్యాన్ని కడిగి ఆరబెట్టిన తరవాత హఠాత్తుగా దిబ్బడ వచ్చిందంటే ముందు అడగాల్సిన ప్రశ్న వేరు: పిస్టన్లు ఒకదాని స్థానంలో ఇంకోటి పెట్టారా, లేక ఒకదాన్ని తిప్పి పెట్టారా? ఇది ఎంత అనుభవం ఉన్నవాళ్లకైనా జరిగే పొరపాటే.

వాల్వు బిగుతును పరీక్షించడానికి ఒక మంచి పద్ధతి ఉంది. వాల్వు నొక్కకుండా దాని స్లయిడ్‌ను కొంచెం బయటికి లాగాలి. వాల్వు పైన ఉన్నప్పుడు ఆ గొట్టం మూతపడే ఉంటుంది కాబట్టి లోపల గాలి పలచబడుతుంది. పది అంకెలు లెక్కపెట్టి వాల్వు నొక్కాలి. టప్‌మని చప్పుడొస్తే గాలి ఎక్కడా దూరలేదు. చప్పుడు లేకపోతే పిస్టనో, స్లయిడో, ఆ గొట్టం అతుకో కారుతోంది. పిస్టన్‌కూ దాని గూటికీ మధ్య ఖాళీ వాడకంతో పెరుగుతుంది. కాస్త చిక్కటి నూనె వేసి వాయిస్తే స్వరం తేరుకుందంటే జబ్బు అదేనని తెలుస్తుంది, ఆ నూనె మందు కాకపోయినా. మరిచిపోయే చోటు ఇంకొకటి ఉంది, నీరు వదిలే మీట. దాని కింద కార్కు ఎండి పగిలితే సరిగ్గా ఒక లీకు రంధ్రం తయారవుతుంది. ఆ మీటను వేలితో గట్టిగా అదిమి పట్టుకుని మూగ స్వరం వాయించి చూడాలి. విచ్చుకుంటే వైద్యం ఒక కార్కు ముక్కతో ముగుస్తుంది.

మన దగ్గర ఇలాంటి పరీక్షల అవసరం ఎక్కువే. తెలుగు ఊళ్లలో పెళ్లి ఊరేగింపుల్లో, జాతరల్లో కనిపించే ఇత్తడి బ్యాండు వాద్యాల్లో చాలావాటి పుట్టిల్లు ఉత్తరప్రదేశ్‌లోని మేరఠ్, అక్కడి జలీ కోఠీ వీధి. ముహూర్తాల నెలల్లో దుమ్ములో, ఎండలో రోజూ వాయించే వాద్యానికి వాల్వు నూనె, కార్కు, ఉన్ని బిళ్లలు అన్నం నీళ్లంత అవసరం. ట్యూబాకు చెప్పుకున్నదంతా యుఫోనియంకూ, భుజానికి చుట్టుకునే సూసాఫోన్‌కూ వర్తిస్తుంది. ఆ వాద్యాన్ని మోసుకుంటూ మైళ్లు నడిచే మనిషి, ఊపిరి చాలడం లేదని తనను తాను నిందించుకునే ముందు ఆ నీటి మీటను ఒక్కసారి అదిమి చూడాలని నా కోరిక.

కొన్నిసార్లు గాలి ఎక్కడా పోదు, రంధ్రాలు సరిగ్గానే ఉంటాయి, అయినా స్వరం మూగదే. అప్పుడు శ్రుతిని చూడాలి. వాల్వులను కలిపి నొక్కినప్పుడు గొట్టం పొడవు ఎప్పుడూ కొంత చాలదు. ఒకటోది మొదటి గొట్టానికి సుమారు 12 శాతం కలుపుతుంది, మూడోది 19 శాతం. రెండూ కలిపితే 31. కానీ రెండున్నర మెట్లు దిగడానికి 33న్నర శాతం కావాలి. ఐదున్నర మీటర్ల ట్యూబాలో ఆ లోటు 13 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. ఒకటి, రెండు, మూడు కలిపితే లోటు 24 సెంటీమీటర్లకు చేరుతుంది, శ్రుతి అర మెట్టులో సగానికి పైగా హెచ్చుతుంది. వాయించేవాడు ఏం చేస్తాడు? పెదవులు వదులు చేసి స్వరాన్ని బలవంతంగా కిందికి లాగుతాడు. శ్రుతి కుదురుతుంది, కానీ స్వరం శిఖరం మీద నుంచి వాలు మీదికి జారుతుంది. గొట్టం ఒకటి కోరుతుంటే పెదవులు ఇంకొకటి ఇస్తున్నాయి, నాదం నలిగిపోతుంది. శ్రుతి కొలిచే యంత్రాన్ని పక్కన పెట్టి, కళ్లు మూసుకుని, ఆ స్వరం ఎక్కడ కూర్చోవాలనుకుంటుందో అక్కడే వాయించి చూడాలి. హెచ్చు శ్రుతిలో గంటలా మోగితే దిబ్బడకు కారణం తేలిపోయినట్టే. పెదవులతో లాగడం మానేసి, స్లయిడ్‌ను బయటికి లాగాలి. స్లయిడ్‌కు రెండు కాళ్లు కాబట్టి 13 సెంటీమీటర్ల లోటు పూడ్చాలంటే ఆరున్నర లాగితే సరి.

ఈ లోటును వాద్యమే తనంతట తాను పూడ్చుకునే ఏర్పాటుకు లండన్‌లో బూసీ కంపెనీలో పనిచేసిన డేవిడ్ బ్లేక్లీ 1874లో పేటెంటు పొందాడు. నాలుగో వాల్వు నొక్కితే గాలి మళ్లీ మిగతా వాల్వుల గుండా వెనక్కి పోయి, అక్కడున్న చిన్న అదనపు గొట్టాల్లోంచి తిరిగొస్తుంది. శ్రుతి కుదురుతుంది గానీ మలుపులూ అంచులూ పెరుగుతాయి. ఆ రకం వాద్యాల్లో అడుగు స్వరాలు కొంచెం అడ్డుపడినట్టు ఉన్నాయంటే, శ్రుతి కోసం చెల్లించిన మూల్యమది. దాన్ని మరమ్మతు చేసేదేమీ ఉండదు.

అలాంటి పుట్టుకతో వచ్చిన దిబ్బడల్లో ప్రసిద్ధమైనది ఎఫ్ ట్యూబాలోని కింది సి. ట్యూబా పుట్టిందే ఎఫ్ వాద్యంగా. 1835 సెప్టెంబరు 12న బెర్లిన్‌లో సైనిక బ్యాండ్ల నాయకుడు విల్‌హెల్మ్ వీప్రెష్ట్, వాద్యాల తయారీదారు యోహాన్ గోట్‌ఫ్రీడ్ మోరిట్స్ పేటెంటు పొందిన బాస్ ట్యూబా అదే. నేటికీ జర్మన్ వాద్యబృందాలకు ఎఫ్ ట్యూబా అంటే ప్రాణం. దాంట్లో పై స్వరాలు తేనెలా ఉంటాయి. 65 హెర్ట్జ్ దగ్గరున్న సి స్వరానికి నాలుగో వాల్వు నొక్కాలి. సుమారు 3.7 మీటర్ల వాద్యానికి అప్పుడు ఒకటింబావు మీటరు గొట్టం అదనంగా చేరుతుంది. అదనంగా చేరే గొట్టం అంతా ఒకే వెడల్పు. ట్యూబా స్వభావమేమో క్రమంగా విప్పారడం. ఒకే వెడల్పు గొట్టం వాటా అంత పెరిగేసరికి శిఖరాల వరుస చెదిరి, బెనేడ్ చెప్పిన చేయి కలపడం బలహీనపడుతుంది. ముఖ్యంగా రోటరీ వాల్వుల ఎఫ్ ట్యూబాల్లో ఈ సి పేరెత్తితే వాయించేవాళ్ల ముఖం మారుతుంది.

తయారీదారులు లీడ్‌పైప్ వాలు మార్చారు, నాలుగో వాల్వు గొట్టం వెడల్పు పెంచారు, బెల్ ఆకారాన్ని సవరించారు. ఒకచోట సర్దితే ఇంకోచోట కొంత పోతుంది. ఒకచోట గొట్టాన్ని వెడల్పు చేస్తే, అక్కడ పీడనం ఊగే అనునాదాల శ్రుతి తగ్గుతుంది, గాలి వేగంగా కదిలే అనునాదాల శ్రుతి పెరుగుతుంది. ఒక్క సి కోసం చేసిన మార్పు పైనున్న పది స్వరాలను కదిలిస్తుంది. కాబట్టి ఈ వాద్యం కొనేవాడు దుకాణంలో పై స్వరాల తీపికి మురిసిపోకుండా, మొదట ఆ సి నుంచే మొదలుపెట్టాలి.

అన్నీ చూశాక మిగిలేది మనిషి. ఒకే వాద్యాన్ని ఇంకొకరికిచ్చి అదే స్వరం వాయించమంటే సంగతి తేలుతుంది. వాళ్ల చేతిలో అది విచ్చుకుంటే మన అలవాటును చూసుకోవాలి. 1944 నుంచి 1988 దాకా షికాగో సింఫనీలో ట్యూబా వాయించిన ఆర్నాల్డ్ జేకబ్స్ గొప్ప గురువు కూడా. ఆయన బోధనలో గాలికే పెద్దపీట. ట్రంపెట్ పై స్వరాలకు పీడనం ఎక్కువ, గాలి తక్కువ కావాలి. ట్యూబా కింది స్వరాలకు గాలి ఎక్కువ, పీడనం తక్కువ కావాలి. దిబ్బడ స్వరం రాగానే మనిషి సహజంగా బిగుసుకుంటాడు, గొంతు మూసి గట్టిగా నెడతాడు. అంటే పీడనం పెంచి గాలిని తగ్గిస్తాడు, సరిగ్గా అక్కర్లేనిదే చేస్తాడు.

ఎఫ్ ట్యూబా సి స్వరాన్ని సాధన చేసే పద్ధతి దీనికి ఎదురు దిశలో వెళ్తుంది. పైనున్న ఎఫ్ దగ్గర మొదలుపెట్టి అర మెట్టు చొప్పున దిగుతూ, ప్రతి స్వరానికీ ముందుదానికంటే కాస్త ఎక్కువ గాలి, కాస్త తక్కువ తోపు. దవడ కిందికి వదలాలి, నాలుకను చదునుగా ఉంచాలి. గాలి ఎక్కువ పోతుంది కాబట్టి వాక్యం మధ్యలో ఊపిరి తీసుకునే చోటును ముందే పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోవాలి, ఆ సి కి ముందే.